ఎవరూ కూర్చోని విస్తళ్లు

అనగనగా ఒక అడవిలో ఒక కొండ, ఆ కొండ మీద ఒక పెద్దబడి ఉండేవి. అడవిలో బడేమిటని నవ్వకండి. నేనూ మొదట నవ్వాను. తర్వాత ఆలోచించాను. చిన్న చదువులు ఏ పిల్లకైనా తల్లి దగ్గరే అయిపోతాయి. ఏది తినాలి, ఎవరిని చూస్తే పరుగెత్తాలి, వానొస్తే ఎక్కడ దూరాలి. ఆ పైన చదవాలంటే ఎక్కడికో ఒక చోటికి వెళ్లాలి కదా. చుక్కలను చూసి దారి పట్టడం, గాలి వాసనను బట్టి వాన ఎన్నాళ్లలో వస్తుందో చెప్పడం, ఏ ఆకు ఏ జబ్బుకు పనికొస్తుందో తెలుసుకోవడం, ఇవన్నీ ఆ కొండ మీదే నేర్పేవారు.

పాఠం చెప్పేది ఒక ముసలి తాబేలు. బడి పక్కనే ఒక ఊటచెలమ ఉంది. బడంతా తాగేది ఆ నీళ్లే. తాబేలు పంతులు గారి కాపురం ఆ చెలమలోనే. ఆయన ఒక మాట చెప్పి రెండో మాట చెప్పేలోగా ఎండ పోయి నీడ వచ్చేది. అయినా ఆయన పాఠం ఎవరూ మరిచిపోయేవారు కాదు. అంత కొంచెం చెబితే మరిచిపోవడం కూడా కష్టమే.

దూరదూరాల అడవుల నుంచి వచ్చిన నలభై మంది పిల్లలు అక్కడే గుహల్లో ఉండి చదువుకునేవారు. వాళ్లలో ఒకడు అప్పలకొండ. వాడు ఎలుగుబంటి. వాళ్ల అడవిలో పెద్దబడికి వచ్చిన మొదటి ఎలుగు వాడే. వాళ్లమ్మ వాణ్ని రెండు ఏర్లు దాటించి తీసుకొచ్చింది. "బాగా చదువుకో నాయనా. పెట్టింది తిను" అని చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. వెనక్కి చూస్తే కాళ్లు సాగవని ఆమెకు తెలుసు.

ఈ నలభై మందికీ వండిపెట్టేది గవరమ్మ. ఆమె అడవిపంది. ఎన్నేళ్లుగానో దుంపలు తవ్వీ తవ్వీ ఆమె మూతి రాయిలా గట్టిపడిపోయింది. మాట మాత్రం మెత్తన. పిల్లలందరూ ఆమెను "అత్తా" అని పిలిచేవారు.

ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. రేపు మధ్యాహ్నం భోజనానికి వచ్చేవారు, ఇవాళ పొద్దుగూకకముందే ఎవరి విస్తరి వాళ్లు కుట్టుకుని వంటపాక ముందున్న చదును రాతి మీద పెట్టాలి. కాసిని మోదుగాకులు, నాలుగు చీపురుపుల్లలు. అంతే పని. ఆకు పెట్టడమంటే వస్తానని మాట ఇవ్వడం. గవరమ్మకు అక్షరాలు రావు. ఆమె ఆ ఆకులనే ఒక్కొక్కటిగా చూసుకునేది.

"ఇది నూకాలు ఆకు. చిన్నది. కుందేలు పిల్ల, ఒక్క ముక్క చాలు దీనికి. ఇది బంగార్రాజుది. కోతి కుట్టు, అంచు చిరిగే ఉంటుంది. రెండు ముక్కలు వేద్దాం. ఇదిగో, ఇది మా అప్పలకొండది."

అప్పలకొండ ఆకు ఎవరికైనా తెలిసిపోతుంది. వాడు రెండు విస్తళ్లు కలిపి ఒకటిగా కుట్టేవాడు. పొట్ట పెద్దది కనుక. ఆ ఆకుకు ఒక నిండు దుంప.

తెల్లవారగానే గవరమ్మ కొండవాలుకు వెళ్లి అడవి పెండలం తవ్వేది. దుంప బయటికి తీశాక, తీగ అంటుకుని ఉండే పై ముక్కను కొరికి వేరు చేసేది. దాన్ని తల అంటారు. ఆ తలను మళ్లీ అదే గోతిలో పెట్టి, మట్టి కప్పి, మూతితో మెల్లగా అదిమేది. "మళ్లీ రా తల్లీ" అనేది. తవ్వడం ఒక పని, కప్పడం ఇంకో పని. కప్పితేనే మళ్లీ తీగ వస్తుంది, దుంప ఊరుతుంది. ఆ తీగల వేళ్లే కొండ మట్టిని పట్టి ఉంచేవి. ఆ మట్టిలో ఇంకిన వాన నీరే చెలమలో ఊరేది. గవరమ్మకు ఇదంతా ఎవరూ పాఠం చెప్పలేదు. వాళ్లమ్మ అలా చేసేది, ఆమె అలా చేసేది.

ఇలా ఉండగా, కొండ కింద దారి పక్కన ఒక నక్క పాక వేసింది. పేరు సూరిబాబు. ఇప్పపూలు రుబ్బి, బూరెలు వండి, వేడివేడిగా తేనెలో ముంచి పెట్టేవాడు. ఒక చేతెడు పుల్లలు పొయ్యిలోకి తెచ్చిస్తే చాలు, కడుపు నిండా బూరెలు.

ముందుగా అక్కడికి వెళ్లింది బంగార్రాజు. వాడు తిరిగొచ్చి మూతి నాకుతూ చెప్పాడు.

"ఒరే అప్పలకొండా, ఇన్నాళ్లూ నువ్వు తిన్నది తిండే కాదురా."

"అత్త దుంపలకేమైంది? బాగుంటాయి కదా" అన్నాడు అప్పలకొండ.

"బాగుంటాయి. రోజూ బాగుంటాయి. నిన్నా బాగున్నాయి, మొన్నా బాగున్నాయి. అదే కదా గొడవ. రేపు నాతో రా."

"రేపటికి ఆకు పెట్టేశాను కదరా."

"పెడితే పెట్టావులే. ఆకేగా. ఒకవేళ అక్కడ బూరెలు అయిపోయాయనుకో, వెనక్కొస్తే ఇక్కడ దుంప ఉంటుంది. ఆకు పెట్టుకుంటే అదొక ధీమా."

నూకాలు చెవులు వంచింది. "తినకపోతే అత్త ఏమైనా అంటుందేమో."

"అత్త ఎప్పుడైనా ఎవరినైనా ఏమైనా అన్నదా?" అన్నాడు బంగార్రాజు.

"అనదు. అందుకే భయం" అంది నూకాలు. అన్నదే కానీ, మర్నాడు అందరికంటే ముందు గంతులేస్తూ కొండ దిగింది.

బూరెలు నిజంగానే బాగున్నాయి. ఆ విషయంలో అబద్ధం చెప్పలేను. అప్పలకొండ పదకొండు తిన్నాడు. తేనె అంటే ఎలుగుకు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

అలా ఒక రోజు వెళ్లినవాళ్లు రెండో రోజూ వెళ్లారు. ముగ్గురు వెళ్లిన చోటికి నలభై మందీ వెళ్లారు. సాయంత్రం కాగానే మాత్రం అందరూ అలవాటుగా విస్తళ్లు కుట్టి రాతి మీద పెట్టేవారు. "పెడితే పోలా, ఆకేగా" అనేవారు. ఎవరికీ చెడు బుద్ధి లేదు. ఆలోచన లేదు, అంతే. చెడు బుద్ధి ఉంటే ఎవరైనా మందలిస్తారు. ఆలోచన లేకపోవడం ఎవరి కంటికీ కనబడదు.

గవరమ్మ ఆకులు చూసి తవ్వేది. తవ్వి ఉడికించేది. ఉడికించి వడ్డించేది. వరసగా పరిచిన ఆకుల ముందు ఎవరూ ఉండేవారు కాదు. ఉడికిన దుంప మర్నాటికి పాచిపోతుంది. అన్నీ పోగుచేసి పాక వెనక గోతిలో పోసేది. పోసేటప్పుడు ఆమె మొహం చూడాలి మీరు. పారబోస్తున్నందుకు బాధ కాదు. తన వంట బాగాలేదేమోనని బాధ.

మొదటి రోజు నూకాలును అడిగింది. "అమ్మా, దుంప సరిగా ఉడకలేదా?"

"అదేం లేదత్తా. తలనొప్పిగా ఉంటే పడుకున్నాను" అంది నూకాలు, కాళ్ల వైపు చూస్తూ. గవరమ్మ ఆ పూటే తులసాకు నూరి తెచ్చి నుదుటికి రాసింది. లేని తలనొప్పికి మందు రాయించుకోవడం ఎంత కష్టమో నూకాలుకు ఆ రోజు తెలిసింది.

రెండో రోజు బంగార్రాజును అడిగింది. "ఉప్పు తగ్గిందా నాయనా?"

"ఎండకు ఆకలి చచ్చిపోయిందత్తా" అన్నాడు వాడు. అప్పటికి మూడు రోజులుగా మబ్బే. గవరమ్మ మర్నాడు చింతపండు పిండి పులుపు కలిపింది. పులుపుకు ఆకలి పుడుతుందని.

మూడో రోజు అప్పలకొండను అడిగింది. వాడు నిజం చెప్పాలనే నోరు తెరిచాడు. కానీ గవరమ్మ వాడి వైపే చూస్తోంది. ఆమె మూతి మీద మట్టి ఇంకా ఆరలేదు.

"పాఠం ఎక్కువైందత్తా. చదువులో పడి భోజనం సంగతే మరిచిపోయాను" అన్నాడు.

గవరమ్మ మొహం వెలిగిపోయింది. "తిండి మరిచిపోయేంత చదువా! మీ అమ్మ వింటే ఎంత సంతోషిస్తుందో. పోనీలే నాయనా. రేపు ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువ వేస్తాను."

అప్పలకొండకు ఆ రాత్రి బూరెలు అరగలేదు. కానీ మర్నాడు సాయంత్రం మళ్లీ రెండు విస్తళ్లు కలిపి కుట్టాడు. అలవాటు చేతుల్లో ఉంటుంది. మనసు వద్దన్నా చేతులు కుట్టేస్తాయి.

దగ్గరి వాలులో దుంపలు అయిపోయాయి. గవరమ్మ అవతలి వాలుకు వెళ్లింది. అక్కడా అయిపోయాయి. ఇంకా అవతలికి, నిట్టనిలువుగా ఉండే ఉత్తరపు వాలుకు వెళ్లింది. అంత దూరం వెళ్లి మధ్యాహ్నానికి వండాలంటే పొద్దు చాలదు. అందుకని తలలు తిరిగి పాతడం మానేసింది. దుంపలను తీగ తలలతో సహా మోసుకొచ్చి, పాక దగ్గరే కోసి, తలలను ఒక మూల కుప్ప వేసేది. "రేపు తీరిక చూసుకుని పాతుతాను" అనుకునేది. రోజూ నలభై ఆకులుంటే రేపు మాత్రం తీరిక ఎక్కడిది?

ఇటు పిల్లలు నక్క పొయ్యికని దారిలో దొరికిన పొదలన్నీ విరిచేశారు. కొండవాలు మీద తీగా లేదు, పొదా లేదు. ఎర్రమట్టి బయటపడింది. ఆ సంగతి పంతులు గారు ఒక రోజు చెప్పబోయారు. "ఒరే పిల్లలూ, కొండ..." అని మొదలుపెట్టారు. ఆయన రెండో మాట అనేలోగా బూరెల వేళయింది.

కార్తీకంలో తుఫాను పట్టింది. పొద్దున్నే మొదలైన వాన ఆగలేదు. పంతులు గారు పాఠం లేదన్నారు. పిల్లలకు ఇంకేం కావాలి? వానలో వేడి బూరెలు. అందరూ కేరింతలు కొడుతూ కొండ దిగారు. ముందు రోజు సాయంత్రం పెట్టిన ఆకులు రాతి మీద తడుస్తూ ఉండిపోయాయి.

తిని, కబుర్లు చెప్పుకుని, మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చారు. వంటపాకలో పొయ్యి ఆరిపోయి ఉంది. కింద విస్తళ్లు వరసగా పరిచి ఉన్నాయి. ప్రతి దానిలోనూ వడ్డించిన దుంప ముక్కలు చల్లారిపోయి ఉన్నాయి. చీమలు పట్టాయి.

ఒక్క విస్తరి మాత్రం ఖాళీగా ఉంది. రెండు విస్తళ్లు కలిపి కుట్టినది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి పెట్టి ఉంది.

"అత్తేదీ?" అన్నాడు అప్పలకొండ.

పంతులు గారు పాక చూరు కింద ఉన్నారు. ఆ రోజు ఆయన మాటలు ఎప్పుడూ లేనంత గబగబా వచ్చాయి.

"పొద్దున ఒక మోపు తెచ్చింది. వండింది. వడ్డించింది. నీ ఆకు దగ్గరికొచ్చేసరికి దుంప చాలలేదు. ఇంత వానలో వద్దమ్మా అన్నాను. పెద్ద పిల్లాడు పంతులు గారూ, అందరూ తింటుంటే వాడొక్కడూ ఖాళీ ఆకు ముందు కూర్చుంటాడా అంది. ఉత్తరపు వాలుకు వెళ్లింది. ఇంకా రాలేదు."

అప్పలకొండ పరుగెత్తాడు. పొట్ట నిండా బూరెలు. ఎన్నడూ ఇంత బరువుగా తను పరుగెత్తలేదు. వెనకే నూకాలు, బంగార్రాజు, తక్కిన పిల్లలూ.

ఉత్తరపు వాలు ఉండాల్సిన చోట వాలు లేదు. కొండ చెక్కు ఊడినట్టు ఎర్రమట్టి కిందకు జారి గుట్టపడి ఉంది. ఎటు చూసినా బురదే.

"అత్తా" అని అరిచాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

నూకాలు ముందుకొచ్చింది. "అందరూ నోరు మూయండి" అని చెవులు నిక్కబొడుచుకుంది. చాలాసేపు అలాగే నిలబడింది. "అదిగో, ఆ రాయి కింద. ఊపిరి వినబడుతోంది."

బంగార్రాజు అటూ ఇటూ గెంతాడు. "తీగ కావాలి, తీగ. తీగ వేసి లాగుదాం." వాలంతా వెతికాడు. పట్టుకుని లాగడానికి ఒక్క తీగ లేదు. అన్నీ తవ్వేశారు కదా. వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు.

అప్పలకొండ గోళ్లతో తవ్వడం మొదలుపెట్టాడు. బురద తీస్తే బురద జారింది. మళ్లీ తీశాడు. పిల్లలందరూ అడ్డంగా నిలబడి జారే మట్టిని వీపులతో ఆపారు. ఎంతసేపు తవ్వాడో వాడికే తెలియదు. చివరికి ఒక గట్టి మూతి చేతికి తగిలింది. వెచ్చగా ఉంది.

రాయి చాటున మిగిలిన సందులో, మెడ దాకా బురదలో ఉంది గవరమ్మ. ముందు కాలు రాయి కింద నలిగిపోయింది. ఆమె పక్కన బురదలో ఒక దుంప ఉంది. నిండు దుంప.

కళ్లు తెరిచి అప్పలకొండను చూసింది. "ఆలస్యమైపోయింది కదా నాయనా. ఆకలేస్తోందా?" అంది.

అప్పలకొండ రాయికి భుజం ఆనించి పక్కకు నెట్టాడు.

గవరమ్మను మోసుకొచ్చి పాకలో గడ్డి మీద పడుకోబెట్టారు. వాన వెలిసింది. అప్పలకొండ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని నిజం చెప్పాడు. నక్క పాక సంగతి, బూరెల సంగతి, చదువులో పడి మరిచిపోయానన్న అబద్ధం, అన్నీ చెప్పాడు.

"ఉత్త ఆకే అనుకున్నానత్తా" అన్నాడు చివర్లో.

"ఆకే నాయనా" అంది గవరమ్మ. "నాకు చదువు రాదు. మీరు నాకు రోజూ రాసే ఉత్తరం అదొక్కటే. వస్తున్నాను, వండిపెట్టు అని రాసుంటే, ఆ పిల్లాడు రాడని నేనెలా అనుకుంటాను?" మెల్లగా అడిగింది. "అయితే వంట బాగానే ఉండేదన్నమాట?"

"చాలా బాగుండేదత్తా."

"హమ్మయ్య" అంది, కళ్లు మూసుకుని.

మర్నాడు చెలమ దగ్గర పిల్లలందరూ గుమిగూడారు. జారిన మట్టి వచ్చి చెలమలో పడింది. నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. పాక వెనక గోతిలో కుళ్లిన దుంపల నీరు కూడా పొంగి అందులో కలిసింది. పంతులు గారు ఒడ్డున కూర్చుని ఉన్నారు. ఆయన డిప్ప కూడా ఎర్రగా ఉంది.

"వచ్చే వానాకాలం దాకా చూస్తాను" అన్నారు. "అప్పటికీ ఊట తేరకపోతే బడి మూసేయాలి. నీళ్లు లేని చోట పిల్లలను ఉంచలేను. అప్పుడు ఎవరి అడవికి వాళ్లు వెళ్లిపోవాలి."

అప్పలకొండకు వాళ్లమ్మ దాటించిన రెండు ఏర్లు గుర్తొచ్చాయి. సగం చదువుతో ఆ ఏర్లు మళ్లీ ఎలా దాటుతాడు? ఏ మొహంతో?

వాడు నేరుగా నక్క పాకకు వెళ్లాడు. "అంతా నీవల్లే సూరిబాబూ. నీ బూరెల వల్లే" అన్నాడు.

సూరిబాబు గరిటె పక్కన పెట్టాడు. "రమ్మని నేను పిలవలేదు నాయనా. వస్తే పెట్టాను. అక్కడ మీకోసం ఒకామె వండి కూర్చుందని నాకు ఒక్కరైనా చెప్పారా? ఇక్కడ తినడం తప్పు కాదు. అక్కడ తింటానని చెప్పి ఇక్కడ తినడం తప్పు." పొయ్యిలోంచి ఒక పుల్ల వెనక్కి లాగాడు. "మీరు తెచ్చిన పుల్లలు కొండవాలువని నేనూ అడగలేదులే. అది నా తప్పు. ఇకమీదట రాలిపడినవి తప్ప తీసుకోను."

అప్పలకొండ వెనుదిరిగాడు. ఎవరినైనా తిడదామని వెళ్లి, తిట్టడానికి ఎవరూ దొరక్కపోతే, ఇంటికి వచ్చే దారి చాలా పొడుగ్గా ఉంటుంది.

గవరమ్మ లేచేదాకా వంట తను చేస్తానన్నాడు. నీళ్లు అవతలి లోయలోని వాగు నుంచి సొరబుర్రల్లో మోసుకురావాలి. ముందు రోజు సాయంత్రం రాతి మీద నలభై ఆకులున్నాయి. తెల్లవారి లేచి తవ్వడానికి వెళ్లాడు. ఎలుగు గోళ్లు, బలమైన భుజాలు. అయినా మధ్యాహ్నానికి దొరికినవి ఏడు దుంపలు. నడుము విరిగిపోయింది. ఆ ఏడింటినీ నలభై ఆకుల్లో పంచాడు.

"ఇంతేనా?" అన్నాడు బంగార్రాజు, తన ఆకులోకి చూసుకుంటూ.

"ఇంతే. ఇంతకు ఎంత తవ్వాలో చూస్తావా? రేపు నాతో రా."

మర్నాడు బంగార్రాజు వెళ్లాడు. తిరిగొచ్చాక వాడు ఆకుకు అంటిన మెతుకంత దుంప కూడా వేలితో తీసి తిన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాణ్ని చూసి నూకాలు వెళ్లింది. తర్వాత రోజుకు ఇద్దరు చొప్పున అందరూ వెళ్లారు.

గవరమ్మ పడుకున్న చోటి నుంచే అడిగింది. "తలలు ఎక్కడ పెట్టారు?"

"ఏ తలలత్తా?"

"అయ్యో నాయనలారా. దుంప మనది, తల కొండది. తిరిగి ఇచ్చేయాలి."

నూకాలుకు పాక మూలనున్న కుప్ప గుర్తొచ్చింది. పరుగెత్తి ఒక తల తెచ్చింది. ఎండి, నల్లబడి, కర్రముక్కలా ఉంది. గవరమ్మ పంటితో కొంచెం గీరింది. లోపల తెల్లగా, తడిగా ఉంది.

"బతికే ఉంది" అంది. ఎవరితోనో కాదు, దానితోనే అన్నట్టు. "నేను చేసిన తప్పు కూడా ఇందులో ఉంది. అలసిపోయాను, ఇంత ఎందుకని మిమ్మల్ని అడగాల్సింది. అడగలేదు."

ఆ చలికాలమంతా పిల్లలు ఆ తలలను కొండకు మోశారు. అప్పలకొండ గుంటలు తవ్వేవాడు. నూకాలు తలలు పెట్టేది. బంగార్రాజు రాళ్లు ఏరుకొచ్చి మట్టి జారకుండా వరసలు పేర్చేవాడు. ప్రతి గుంట మీద మట్టి అదిమి "మళ్లీ రా తల్లీ" అనేవారు. మొదట సిగ్గుపడుతూ అనేవారు. తర్వాత నిజంగా అనేవారు. పాచిన దుంపల గోతిలో ఎండిన ఆకులు కలిపి ఎరువు చేసి అదీ వేశారు.

గవరమ్మ లేచి తిరిగింది. ముందు కాలు కొంచెం కుంటు అలాగే ఉండిపోయింది. ఎండలు ముదిరాయి. కొండ ఎర్రగానే ఉంది. పిల్లలు రోజూ చెలమ దగ్గరికి వెళ్లి అడిగేవారు.

"తేరిందా పంతులు గారూ?"

"ఇంకా లేదు."

జ్యేష్ఠంలో తొలకరి పడింది. మళ్లీ అడిగారు. "ఇంకా లేదు" అన్నారాయన. అప్పలకొండ తన గుహలో సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. సామానంటే ఏముంది, వాళ్లమ్మ ఇచ్చిన ఒక గడ్డి పరుపు.

ఆషాఢంలో నాలుగు రోజులు పెద్ద వాన కురిసింది. ఎవరికీ నిద్ర లేదు. మళ్లీ మట్టి జారుతుందేమోనని అందరూ కొండ వైపే చూస్తున్నారు. జారలేదు. ఐదో రోజు తెరిపిచ్చింది. అప్పలకొండ ఉత్తరపు వాలుకు వెళ్లి చూశాడు. ఎర్రమట్టిలో, రాళ్ల వరసల మధ్య, చిటికెన వేలంత పచ్చటి కొసలు. ఒకటి కాదు. వాలంతా. పట్టుకోవడానికి పక్కన ఏముందా అని గాల్లో తడుముకుంటున్నాయి.

వెనక నుంచి గవరమ్మ కుంటుతూ వచ్చింది. చాలాసేపు చూసింది. "వచ్చావా తల్లీ" అంది, ఇంటికి ఆలస్యంగా వచ్చిన బిడ్డతో అన్నట్టు.

అదే వేళకు కింద చెలమలో పంతులు గారు తలెత్తారు. ఆయన మెడ కింద, నీళ్ల అడుగున గులకరాళ్లు కనబడుతున్నాయి, ఒక్కొక్కటీ విడివిడిగా. "తేరింది" అన్నారు. ఆ ఒక్క మాట అనడానికి ఆయన ఎంతసేపూ తీసుకోలేదు.

బడి మూయలేదు. ఆకు పెట్టే పద్ధతీ పోలేదు. కాకపోతే ఇప్పుడు ఆకు పెట్టినవాళ్లలో రోజుకు ఇద్దరు పొద్దున్నే గవరమ్మతో తవ్వడానికి వెళతారు. అప్పలకొండ ఒకే విస్తరి కుడతాడు. చాలకపోతే మళ్లీ అడిగి వేయించుకుంటాడు. చాలాసార్లు చాలుతోంది. ఇంతకుముందు పొట్ట పెద్దదో, ఆకు పెద్దదో వాడికే తెలియడం లేదు.

ఒక సాయంత్రం బంగార్రాజు వచ్చాడు. "ఒరే, రేపు పౌర్ణమి. సూరిబాబు పాకకు వెళ్దామా? బూరెలు తిని ఎన్నాళ్లయిందో. ముందుగా ఎండు పుల్లలు ఏరి ఉంచాను."

"వెళ్దాం" అన్నాడు అప్పలకొండ.

ఇద్దరూ ఆ సాయంత్రం విస్తళ్లు కుట్టలేదు. అప్పలకొండ వంటపాక దగ్గరికి వెళ్లాడు. గవరమ్మ రాతి మీది ఆకులు చూసుకుంటోంది.

"అత్తా, రేపు నాకు, బంగార్రాజుకు వద్దు. నూకాలు కూడా మాతో వస్తానంది. మేం బూరెలు తిని వస్తాం."

గవరమ్మ తలెత్తి చూసింది. ఆ రాతి మీద ఎన్నో ఏళ్లుగా ఎన్నో ఆకులు చూసింది ఆమె. ఎవరైనా వచ్చి ఎదురుగా నిలబడి వద్దని చెప్పడం అదే మొదటిసారి.

"సరే నాయనా. మూడు గోతులు తక్కువ నాకు" అంది. "పదకొండు తినకు, అరగవు."

"నేను పదకొండు తిన్నానని నీకెవరు చెప్పారు?"

"మీ పంతులు గారు ఆ వాక్యం మొదలుపెట్టి ఆర్నెల్లయింది. మొన్ననే పూర్తయింది."

మర్నాడు తెల్లవారింది. కొండవాలు మీద మూడు తీగలు తెగకుండా అలాగే నిలిచాయి, గాలికి ఊగుతూ. చెలమ తేటగా ఉంది. తవ్వే వంతు వచ్చిన పిల్లలిద్దరూ గవరమ్మను లేపకుండానే కొండకు వెళ్లారు. వంటపాకలో గడ్డి మీద గవరమ్మ, ఎన్నో ఏళ్ల తర్వాత, ఎండ మొహం మీద పడేదాకా నిద్రపోయింది.

నీతి: తినేటంతే అడగండి, తిననప్పుడు వద్దని ముందే చెప్పండి. మన ఆకులోకి వచ్చే ప్రతి ముద్దలోనూ ఒకరి నడుము నొప్పి ఉంటుంది, ఒక కొండ ప్రాణం ఉంటుంది.